95 ఆక్టేన్ పోయిస్తే మైలేజీ పెరుగుతుందా? ముందు మీ ఇంజిన్ దాన్ని అడుగుతోందో లేదో చూడండి

ఖమ్మం నుంచి ఒక మిత్రుడు అడిగిన ప్రశ్న ఇది: "నాది 2016 మోడల్ 1.2 లీటర్ల పెట్రోల్ కారు. లక్షా పది వేల కిలోమీటర్లు తిరిగింది. హైవే మీద లీటరుకు 17 ఇచ్చేది, ఈ రెండేళ్లలో 15.5కి పడిపోయింది. మా బావ తన కారులో 95 ఆక్టేన్ పెట్రోల్ పోయిస్తే లీటరుకు రెండు కిలోమీటర్లు పెరిగిందట, నన్నూ అదే పోయించమంటున్నాడు. లీటరుకు ఎనిమిది రూపాయలు ఎక్కువ. గిట్టుబాటవుతుందా అన్నా?"

గిట్టదు తమ్ముడూ. మీ కారుకైతే అసలే గిట్టదు. కానీ ఆ ఒక్క మాట చెప్పి వదిలేస్తే మీ బావ మాటే గెలుస్తుంది, ఎందుకంటే ఆయన చెప్పేదాంట్లో కూడా ఒక నిజం ముక్క ఉంది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. నేను 1996లో విజయవాడ ఆటోనగర్‌లో హెల్పర్‌గా చేరాను, ఇప్పుడు సొంత షెడ్డు నడుపుతున్నాను. ఈ ప్రశ్న వారానికి ఒకరైనా అడుగుతారు. పెట్రోల్ మారిస్తే మైలేజీ వస్తుందని నమ్మినవాళ్లు బానెట్ ఎత్తి చూడరు. అసలు జబ్బు ముదిరాక బండి నా దగ్గరికి వస్తుంది. నా బాధ అదే.

మొదట ఆక్టేన్ అంటే ఏమిటో చూద్దాం. సైకిల్ ట్యూబుకు చేతిపంపుతో గాలి కొట్టిన రోజులు గుర్తు చేసుకోండి. పది పదిహేను సార్లు గట్టిగా కొట్టాక పంపు అడుగు భాగం పట్టుకుంటే చురుక్కుమంటుంది. లోపల నిప్పేమీ లేదు, గాలిని నొక్కితే వేడెక్కుతుంది, అంతే. మీ ఇంజిన్ సిలిండర్‌లో కూడా అదే జరుగుతుంది. పిస్టన్ పైకి వస్తూ గాలినీ పెట్రోల్ ఆవిరినీ పదో వంతుకో, పన్నెండో వంతుకో నొక్కుతుంది. అంత వేడిలో కూడా ఆ మిశ్రమం తనంతట తాను అంటుకోకూడదు. ప్లగ్గు నిప్పురవ్వ విసిరాక అక్కడి నుంచి మంట వరసగా పాకాలి, పిస్టన్‌ను కిందికి తోయాలి. ప్లగ్గు మంట చేరకముందే మూలల్లో మిగిలిన మిశ్రమం వేడికీ ఒత్తిడికీ తట్టుకోలేక ఒక్కసారిగా పేలిపోతే దాన్నే నాకింగ్ అంటాం. పెట్రోల్‌కు ఆ పేలుడును తట్టుకునే ఓపిక ఎంతుందో చెప్పే అంకె ఆక్టేన్.

ఈ అంకె 1926 నాటిది. ఇథైల్ కార్పొరేషన్‌లో పనిచేసిన గ్రాహమ్ ఎడ్గార్ అనే రసాయన శాస్త్రవేత్త రెండు ద్రవాలను కొలబద్దగా ప్రతిపాదించాడు. సులువుగా నాక్ అయ్యే హెప్టేన్‌కు సున్నా, బాగా తట్టుకునే ఐసో ఆక్టేన్‌కు వంద. అప్పట్లో శుద్ధమైన హెప్టేన్‌ను జెఫ్రీ పైన్ అనే చెట్టు బంక నుంచి తీసేవారు. 95 ఆక్టేన్ పెట్రోల్ అంటే, 95 పాళ్లు ఐసో ఆక్టేన్, 5 పాళ్లు హెప్టేన్ కలిపిన ద్రవం పరీక్ష ఇంజిన్‌లో ఎంత తట్టుకుంటుందో ఈ పెట్రోల్ కూడా అంతే తట్టుకుంటుందని అర్థం. ఈ లెక్కలో ఎక్కడా శక్తి అనే మాట లేదు. లీటరు 91లో ఎంత వేడి ఉందో, అదే రకం పెట్రోల్ అయితే లీటరు 95లో కూడా దాదాపు అంతే ఉంటుంది. చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. "పవర్", "స్పీడ్" అని బంకులో బోర్డు చూసి అందులో బలం ఎక్కువ ఉంటుందనుకుంటారు.

అమెరికాలో ఉన్న మనవాళ్లు కొందరు "ఇక్కడ 87 పోయిస్తాం, ఇండియాలో మామూలు పెట్రోలే 91 అంటున్నారు, మనది మంచిదా" అని అడుగుతుంటారు. కొలత వేరు. మన బంకుల్లో చెప్పేది రీసెర్చ్ ఆక్టేన్. వాళ్ల పంపు మీద రాసేది రీసెర్చ్ ఆక్టేన్, మోటార్ ఆక్టేన్ అనే రెండు పరీక్షల సగటు. అక్కడి 87 అటూ ఇటూగా ఇక్కడి 91కి సమానం. అక్కడి 93 ఇక్కడి లెక్కలో 97, 98 దాకా వస్తుంది.

మరి ఎక్కువ ఆక్టేన్‌కూ మైలేజీకీ సంబంధమే లేదా? ఉంది. కాకపోతే అది పెట్రోల్‌లో లేదు, ఇంజిన్ తయారీలో ఉంది. మిశ్రమాన్ని ఎంత గట్టిగా నొక్కి కాలిస్తే అంత ఎక్కువ పని వస్తుంది. కంప్రెషన్ నిష్పత్తి 10 నుంచి 12కు పెంచితే పుస్తకం లెక్క ప్రకారం నాలుగైదు శాతం సామర్థ్యం పెరుగుతుంది. అంత నొక్కాలంటే ఓపికగల పెట్రోల్ కావాలి. అంటే ఎక్కువ ఆక్టేన్ వల్ల ఇంజినీరుకు గట్టిగా నొక్కే ఇంజిన్ కట్టే వీలు దొరుకుతుంది. ఇంజిన్ కట్టేశాక పిస్టన్ ఎంత ఎత్తు వస్తుందో, పైన ఎంత ఖాళీ మిగులుతుందో ఖాయమైపోతుంది. మీరు 95 పోసినా 100 పోసినా పిస్టన్ అంగుళం కూడా ఎక్కువ లేవదు.

రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ వైమానిక దళం 1940లో 100 ఆక్టేన్ పెట్రోల్‌కు మారాక స్పిట్‌ఫైర్, హరికేన్ విమానాల మెర్లిన్ ఇంజిన్లు ఎక్కువ శక్తి ఇచ్చాయి. ఆ శక్తి ఊరికే రాలేదు. ఇంజిన్‌లోకి గాలిని తోసే సూపర్‌చార్జర్ ఒత్తిడి పరిమితిని దాదాపు రెట్టింపు చేశారు. కొత్త పెట్రోల్ పోసి, పాత పరిమితిలోనే నడిపి ఉంటే లాభం ఏమీ ఉండేది కాదు.

నేను పని నేర్చుకునే రోజుల్లో ఈ సంగతి చెవితో తెలిసేది. అంబాసిడర్, పద్మిని బండ్లకు ప్లగ్గులకు వరసగా కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ ఉండేది. దాని కింద క్లాంపు బోల్టు కొంచెం వదులు చేసి, డిస్ట్రిబ్యూటర్‌ను గోరంత తిప్పితే టైమింగ్, అంటే ప్లగ్గు నిప్పురవ్వ విసిరే క్షణం, ముందుకో వెనక్కో జరిగేది. మా మేస్త్రి తిప్పి, బోల్టు బిగించి, బండి తీసుకుని ఎత్తు రోడ్డు ఎక్కేవాడు. టాప్ గేర్‌లోనే ఉంచి యాక్సిలరేటర్ తొక్కమనేవాడు. డబ్బాలో గులకరాళ్లు వేసి ఊపినట్టు కిటకిటమని శబ్దం వస్తే టైమింగ్ మరీ ముందుకు పోయినట్టు. అసలు రాకపోతే మరీ వెనకబడినట్టు, బండి లాగదు, పెట్రోల్ తాగుతుంది. లేశమాత్రం కిటకిటమని వెంటనే ఆగిపోవాలి. అక్కడ బోల్టు బిగించేవాడు. ఆ రోజుల్లో మంచి ఆక్టేన్ పెట్రోల్ దొరికితే టైమింగ్ ఇంకొంచెం ముందుకు జరిపి, నిజంగానే మైలేజీ తీసేవాళ్లం. గుర్తుంచుకోండి, చేత్తో జరిపితేనే. మీ బావ నమ్మకానికి మూలం బహుశా ఆ కాలం నాటి పెద్దల మాటే అయి ఉంటుంది.

ఇప్పుడు ఆ మేస్త్రి పని ఇంజిన్ కంప్యూటర్ చేస్తోంది. సిలిండర్ బ్లాకుకు అణా బిళ్లంత నాక్ సెన్సర్ ఒకటి బిగించి ఉంటుంది. లోపల పేలుడు జరిగితే బ్లాకు అదిరే తీరును అది పట్టేస్తుంది, మనకు వినపడే లోపే కంప్యూటర్ టైమింగ్‌ను కొన్ని డిగ్రీలు వెనక్కి లాగేస్తుంది. కాసేపు చూసి మళ్లీ మెల్లగా ముందుకు జరుపుతుంది. ఇంజిన్ కంప్యూటర్‌లోని అంకెలు చూపించే స్కానర్ పెట్టి పక్క సీట్లో కూర్చుంటే ఈ ఆట కళ్లకు కనపడుతుంది. తిరుమల ఘాట్ ఎక్కేటప్పుడు, బండి నిండా జనం, ఏసీ ఆన్, నాలుగో గేర్‌లో ఇంజిన్ ఈడుస్తుంటే టైమింగ్ అంకె టపటపా కిందికి దిగుతుంది. మూడో గేర్ వేయగానే మళ్లీ పైకి లేస్తుంది. అదే బండి చదును హైవే మీద 80లో పోతుంటే నాకింగ్ కోసం టైమింగ్ వెనక్కి లాగాల్సిన అవసరమే రాదు, ఇంజిన్ తన సొంత లెక్క ప్రకారం నడుస్తుంది.

మీ ప్రశ్నకు సమాధానం ఈ ముక్కలోనే ఉంది. కంపెనీ కంప్యూటర్‌లో రాసిపెట్టిన టైమింగ్ లెక్కకు ఒక గరిష్ఠ పరిమితి ఉంటుంది. ఆ లెక్క 91 ఆక్టేన్ కోసం రాసి ఉంటే 91తోనే ఇంజిన్ ఆ పరిమితిని అందుకుంటుంది. 95 పోస్తే కంప్యూటర్ ఆ పరిమితి దాటి ముందుకు పోదు. మీరు కొన్న అదనపు ఓపికకు అక్కడ పనే లేదు. లెక్క 95 కోసం రాసి, 91 పోసినప్పుడు వెనక్కి తగ్గేలా పెట్టిన బండి అయితే వేరే సంగతి. అందులో 95 పోస్తే తేడా తెలుస్తుంది. చాలావరకు టర్బో ఇంజిన్లు, ఖరీదైన దిగుమతి బండ్లు, కొన్ని పెద్ద బైకులు ఈ కోవలోకి వస్తాయి.

మీ బండి ఏ కోవలోదో తెలుసుకోవడానికి నన్ను అడగక్కర్లేదు. పెట్రోల్ ట్యాంకు మూత లోపలి స్టిక్కర్ చూడండి, లేదా బండితో ఇచ్చిన పుస్తకం తీయండి. "కనీసం 91" అని రాసి ఉంటే 91 చాలు. "95 సిఫారసు చేస్తున్నాం" అని ఉంటే 95తో కొంత లాభం. "95కు తగ్గకూడదు" అని ఉంటే మైలేజీ మాట పక్కన పెట్టి అదే పోయించాలి, లేకపోతే ఇంజిన్‌కే ముప్పు. మీరు చెప్పిన రకం 1.2 లీటర్ల మామూలు ఇంజిన్లు ఆ ఏడాది మొదటి కోవలోనే వచ్చేవి. అయినా ఒకసారి మూత తీసి చూసుకోండి.

ఈ తేడాను అమెరికాలో వాహనదారుల సంఘం ట్రిపుల్ ఏ బాగా పరీక్షించింది. 2016లో, మామూలు పెట్రోల్ చాలని కంపెనీ చెప్పిన కార్లలో ప్రీమియం పోసి చూసింది. శక్తిలో, మైలేజీలో చెప్పుకోదగ్గ లాభం ఏమీ కనపడలేదు. అమెరికన్లు ఏడాదిలో 210 కోట్ల డాలర్లు ఇలా అనవసరంగా ప్రీమియానికి తగలేశారని లెక్క కట్టింది. 2017లో, ప్రీమియం "సిఫారసు" చేసిన కార్లను పట్టుకుని మళ్లీ పరీక్షించింది. ఈసారి మైలేజీ సగటున 2.7 శాతం పెరిగింది. పెద్ద వీ8 ఇంజిన్ ఉన్న క్యాడిలాక్ ఎస్కలేడ్‌లో 7.1 శాతం దాకా పోయింది, ఒక కారులో అయితే కొంచెం తగ్గింది కూడా. అక్కడ ప్రీమియం ధర ఇరవై శాతానికి పైగా ఎక్కువ. అంటే సిఫారసు చేసిన బండ్లలో కూడా సగటున చూస్తే డబ్బు లెక్కలో నష్టమే.

మన లెక్క కూడా వేద్దాం. మామూలు పెట్రోల్ రూ.107 అనుకుందాం, మీరన్నట్టు ఎనిమిది రూపాయలు ఎక్కువైతే 95 ధర రూ.115. రెండింటికీ కిలోమీటరు ఖర్చు సమానం కావాలంటే మైలేజీ ఏడున్నర శాతం పెరగాలి. మీ 15.5 కాస్తా 16.7 అయితే ఖర్చు సరికి సరి, అది దాటితేనే ఒక్క రూపాయి మిగలడం మొదలవుతుంది. 100 ఆక్టేన్ సంగతైతే చెప్పనే అక్కర్లేదు. ఇండియన్ ఆయిల్ 2020 డిసెంబరులో ఎక్స్‌పీ100 విడుదల చేసినప్పుడు ఢిల్లీలో లీటరు రూ.160, ఆ రోజుల్లో అక్కడ మామూలు పెట్రోల్ రూ.82 చిల్లర. 15 ఇచ్చే బండి 29 ఇస్తే గానీ లెక్క సరిపోదు. అది సూపర్ బైకుల కోసం, ఆ ఆక్టేన్ అవసరమైన ఖరీదైన కార్ల కోసం తెచ్చిన పెట్రోల్.

ఇప్పుడు అసలు విషయం. ఇది తెలియక చాలామంది డబ్బు పోగొట్టుకుంటున్నారు. దేశమంతా ఇప్పుడు బంకుల్లో మామూలు పెట్రోల్ అంటే 20 శాతం ఇథనాల్ కలిసిన ఇ20. ఇథనాల్ ఆక్టేన్ దాదాపు 108.5. దాన్ని కలపడంతో మామూలు పెట్రోల్ ఆక్టేనే 95కు చేరిందని 2025 ఆగస్టులో పెట్రోలియం శాఖ తన వివరణలో చెప్పింది. అంటే 91 నుంచి 95కు మారదామని మీరు ఎనిమిది రూపాయలు అదనంగా ఇస్తున్నారు గానీ, మామూలు గన్ నుంచి వస్తున్నదే దాదాపు 95. ఆక్టేన్ వల్లే మైలేజీ పెరిగేదైతే ఇ20 వచ్చాక దేశంలో ప్రతి బండికీ మైలేజీ పెరిగి ఉండాలి. పెరగలేదు సరికదా, తగ్గింది. మీ బండే సాక్ష్యం.

ఎందుకు తగ్గిందంటే, ఇథనాల్‌లో ఓపిక ఎక్కువ, వేడి తక్కువ. లీటరు పెట్రోల్ కాలిస్తే సుమారు 32 మెగాజౌళ్ల వేడి వస్తుంది, లీటరు ఇథనాల్‌కు 21 మాత్రమే. పది శాతం కలిపినప్పుడు లీటరు మిశ్రమంలో 30.9, ఇరవై శాతం కలిపితే 29.8. ఒక్క ఈ మార్పుతోనే లీటరులో మూడున్నర శాతం సరుకు తగ్గింది. కాలిన పొగలో మిగిలిన ఆక్సిజన్‌ను కొలిచే ఆక్సిజన్ సెన్సర్ ఆ తేడా గమనించి ఇంజెక్టర్‌ను ఇంకాస్త సేపు తెరిపిస్తుంది, అందుకే బండి నడకలో తేడా తెలియదు, బిల్లులో తెలుస్తుంది. 2021లో నీతి ఆయోగ్ నిపుణుల కమిటీ నివేదిక, ఇథనాల్ లేని పెట్రోల్‌కు తయారై ఇ10కు సరిచేసిన కార్లలో ఇ20 వాడితే 6 నుంచి 7 శాతం మైలేజీ తగ్గుతుందని అంచనా వేసింది. ఇ10కు తయారై ఇ20కు సరిచేసిన కార్లలో 1 నుంచి 2 శాతమే. కొత్త బండ్లలో టైమింగ్ లెక్క ఇథనాల్ ఓపికను వాడుకునేలా రాసి ఉంటుంది, కాబట్టి పోయిన వేడిలో కొంత తిరిగి వస్తుంది. మీ 2016 బండిలో ఆ లెక్క లేదు.

"అయితే ఖరీదైన పెట్రోల్‌లో ఇథనాల్ ఉండదు కదా" అని ఇంకో మాట వినపడుతోంది. పేరూ ధరా చూసి ఆ నిర్ధారణకు రావద్దు. చాలా ప్రీమియం పెట్రోళ్లలో కూడా ఇథనాల్ కలుస్తుంది. మీరు పోయించేదాంట్లో ఎంత శాతమో బంకులో అడిగి, రాతపూర్వకంగా చూపించమనండి.

ఇక మీ బావకు పెరిగిన ఆ రెండు కిలోమీటర్లు. ఆయన అబద్ధం చెప్పారని నేననను. కొలతలో పొరపాటు ఎలా దూరుతుందో చెబుతాను. ఒకసారి ఆటో కట్ అవగానే, అంటే ట్యాంకు నిండి పంపు గన్ తనంతట తాను ఆగగానే, గన్ తీసేశారు. ఇంకోసారి బంకు కుర్రాడు రౌండ్ ఫిగర్ కోసం గన్ పైకెత్తి ఇంకో లీటరున్నర ఒత్తాడు. ముప్పై లీటర్ల ట్యాంకులో లీటరున్నర అంటే ఐదు శాతం, లీటరుకు దాదాపు కిలోమీటరు. దానికి తోడు, ఖరీదైన పెట్రోల్ పోయించిన రోజు మనకే తెలియకుండా కాలు మెత్తగా పడుతుంది, మైలేజీ చూడాలని కదా ఆరాటం. డ్యాష్‌బోర్డు మీద కనపడే అంకెనైతే అసలు లెక్కలోకి తీసుకోవద్దు. అది ఇంజెక్టర్ తెరిచిన సమయాన్ని బట్టి వేసే అంచనా మాత్రమే.

నిజంగా తేల్చుకోవాలంటే ఇలా చేయండి. ఒకే బంకు, ఒకే పంపు, బండి అదే దిక్కుకు ఆపి, మొదటి ఆటో కట్‌కే ఆపేయమని చెప్పండి. ఓడోమీటరు రాసుకోండి. అదే రూటులో తిరిగి, మళ్లీ అక్కడే మొదటి ఆటో కట్ దాకా నింపి, తిరిగిన కిలోమీటర్లను పట్టిన లీటర్లతో భాగించండి. ఇలా మామూలు పెట్రోల్‌తో కనీసం మూడు ట్యాంకులు, 95తో మూడు ట్యాంకులు. టైర్లలో గాలి ప్రతిసారీ ఒకేలా ఉండాలి. మామూలు పెట్రోల్ మూడు ట్యాంకుల మధ్యే ఎంత తేడా వచ్చిందో ముందు చూడండి. 95తో వచ్చిన తేడా అంతకంటే ఎక్కువ లేకపోతే పెరిగిందని అనడానికి ఆధారం లేదు.

ఖరీదైన పెట్రోల్‌తో బండి నిజంగానే బాగుపడిన ఒక సందర్భం మాత్రం నేను చూశాను, చాలా ఏళ్ల కిందట. ఒక కస్టమర్ బండి మామూలు పెట్రోల్‌తో ఎత్తు ఎక్కేటప్పుడు కిటకిటమనేది, అదే బంకులో ప్రీమియం పోస్తే ఆగేది. ఆయన అది ఆక్టేన్ మహిమే అనుకున్నాడు. వేరే ఊళ్లో మామూలు పెట్రోల్ పోయించి చూడమన్నాను. అప్పుడూ శబ్దం లేదు. ఆ బంకులో మామూలు పెట్రోల్‌లో కిరోసిన్ కలుస్తోందని అర్థమైంది. కిరోసిన్ ఆక్టేన్‌ను దారుణంగా పడగొడుతుంది. అనుమానం వస్తే బంకులో డెన్సిటీ చూపించమనీ, ఐదు లీటర్ల కొలపాత్రతో కొలిచి చూపమనీ అడిగే హక్కు మీకుంది. మొహమాటపడకండి.

ఇప్పుడు మీ బండి సంగతికి వద్దాం. 17 నుంచి 15.5 అంటే దాదాపు తొమ్మిది శాతం. అందులో ఇథనాల్ వాటా మహా అయితే ఆరేడు శాతం తీసేస్తే 16 దాకా రావాలి. ఆ మిగతా అరకిలోమీటరు, కొంచెం ఎక్కువే కావచ్చు, మీ బండిలోనే ఎక్కడో పోతోంది. అది వెతికితే దొరుకుతుంది.

నేను మొదట చూసేది థర్మోస్టాట్ వాల్వు, అంటే ఇంజిన్ వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌లోకి పోనివ్వని వాల్వు. మన ఎండలకు ఇంజిన్ వేడెక్కుతోందని ఎవరో మెకానిక్ దాన్ని పీకి పక్కన పడేసి ఉంటాడు. మన దగ్గర ఇది మహా చెడ్డ అలవాటు. వాల్వు లేకపోతే నీళ్లు ఎప్పుడూ రేడియేటర్‌లోకి తిరుగుతూనే ఉంటాయి, హైవే మీద ఇంజిన్ తొంభై డిగ్రీల దాకా చేరదు. కంప్యూటర్ మాత్రం ఇంజిన్ ఇంకా చల్లగానే ఉందనుకుని పొద్దున స్టార్ట్ చేసినప్పుడు పోసినట్టు ఎక్కువ పెట్రోల్ పోస్తూనే ఉంటుంది. స్కానర్ పెట్టి అరగంట హైవే మీద నడిపాక వేడి అంకె చూడమనండి. 65, 70 దగ్గరే ఆడుతుంటే దొంగ దొరికినట్టే. వాల్వు ఖర్చు పెద్దదేమీ కాదు.

తర్వాత బ్రేకులు. పది కిలోమీటర్లు హైవే మీద నడిపి, చివరి అర కిలోమీటరు బ్రేకు వాడకుండా బండిని మెల్లగా జారనిచ్చి ఆపండి. దిగి, నాలుగు చక్రాల రిమ్ముల దగ్గర అరచేతి వెనక భాగం పెట్టి చూడండి. ముట్టుకోవద్దు, దగ్గరగా పెడితే చాలు. మూడు గోరువెచ్చగా ఉండి ఒకటి మాత్రం సెగ కొడుతుంటే ఆ చక్రం బ్రేకు వదలడం లేదన్నమాట. ప్యాడ్లను డిస్కుకు నొక్కే కాలిపర్ పిన్నులు తుప్పు పట్టి, ప్యాడ్ డిస్కును ఎప్పుడూ రాసుకుంటూ ఉంటుంది. పోయిన ఏడాది ఒకాయన ఆరు నెలలు ప్రీమియం పెట్రోల్ మీదే తిప్పి, ఇంకా మైలేజీ రావడం లేదని బండి తెచ్చారు. ఎడమ ముందు చక్రం దగ్గర చెయ్యి పెట్టలేకపోయాను. పిన్నులు బయటికి తీసి ఎమరీ కాగితంతో రుద్ది, గ్రీజు పెట్టి బిగించాను. ఆయన పెట్రోల్ మీద అదనంగా పెట్టిన డబ్బు ఆ పనికి ఎన్నిసార్లు సరిపోయేదో.

టైర్లలో గాలి డోరు పక్క స్టిక్కర్ ప్రకారం ఉందా, ప్లగ్గులు కంపెనీ చెప్పిన కిలోమీటర్లకు మార్చారా, లక్ష దాటింది కాబట్టి ఆక్సిజన్ సెన్సర్ చురుగ్గా ఉందా, ఇవి స్కానర్‌తో పావుగంటలో తేలిపోతాయి. ఎయిర్ ఫిల్టర్ మార్చుకోండి గానీ దాని మీద ఆశ పెట్టుకోవద్దు. ఫిల్టర్ మూసుకుపోతే మైలేజీ పడిపోవడం కార్బురేటర్ రోజుల మాట. ఇప్పటి బండ్లలో ఫిల్టర్ మూసుకుపోతే పికప్ తగ్గుతుంది, మైలేజీ పెద్దగా తగ్గదు.

ఇంకో సంగతి. మీది ఖమ్మం కదా. సూర్యాపేట రోడ్డు నాలుగు వరుసలయ్యాక మీరు ఎంత వేగంతో పోతున్నారు? పాత రోడ్డు మీద 70, 80 దాటనిచ్చేది కాదు. ఇప్పుడు తెలియకుండానే వంద దాటుతుంది. 80 నుంచి 100కు పోతే గాలి అడ్డు ఒకటిన్నర రెట్లు దాటుతుంది. మీ 17 పాత రోడ్డు మీద వచ్చిన అంకె అయితే పోలికే తప్పు.

95 ఎప్పుడు పోయించొచ్చో కూడా చెబుతాను. లక్ష దాటిన ఇంజిన్‌లో పిస్టన్ తల మీద కార్బన్ పేరుకుంటుంది. అది ఖాళీ తగ్గించి నొక్కుడు పెంచుతుంది, ఎర్రగా కాలి అంటించే పని కూడా చేస్తుంది. అలాంటి ఇంజిన్‌కు పాతప్పటి కంటే ఎక్కువ ఓపికగల పెట్రోల్ కావాల్సి వస్తుంది. ఘాట్ మీద సరైన గేర్‌లో ఉన్నా కిటకిటమంటుంటే రెండు ట్యాంకులు ప్రీమియం పోయించి చూడండి. శబ్దం తగ్గితే కార్బన్ శుభ్రం చేయించాలని అర్థం, జీవితాంతం ప్రీమియం పోయించాలని కాదు. ప్రీమియం పెట్రోల్‌లో ఇంజెక్టర్లను శుభ్రం చేసే మందు కూడా కలుపుతారు, అది మంచిదే, అప్పుడప్పుడు ఒక ట్యాంకు పోయించుకోవాలనుకుంటే మీ ఇష్టం. షాపుల్లో అమ్మే ఆక్టేన్ బూస్టర్ సీసాల జోలికి మాత్రం పోకండి. కొన్నిటిలో ఇనుము ఉన్న రసాయనం ఉంటుంది, ప్లగ్గు మొన ఇటుక రంగుకు తిరిగి మిస్ కొట్టడం మొదలవుతుంది.

డీజిల్ బండి ఉన్నవాళ్లకు ఈ చర్చతో పని లేదు. అక్కడ ఇంధనం నొక్కుడు వేడికి త్వరగా అంటుకోవడమే గుణం, దాని కొలత సీటేన్.

ఈ వారం ముందు మూత స్టిక్కర్, టైర్లు, రిమ్ముల సెగ చూడండి. తర్వాత ఎవరి దగ్గరైనా స్కానర్ పెట్టించి, హైవే వేడి అంకె, టైమింగ్ అంకె, ఫ్యూయల్ ట్రిమ్ అంకె (కంప్యూటర్ పెట్రోల్‌ను ఎంత పెంచుతోందో, తగ్గిస్తోందో చెప్పేది) ఫొటో తీసి పెట్టండి. ఆ మూడూ చూస్తే మీ అరకిలోమీటరు ఎక్కడ పోతోందో చెప్పగలను.